బీల పచ్చికను చిత్రాలతో కొలవడం

పలాస నుంచి ఇచ్ఛాపురం వైపు సాగే రైలుమార్గం మీద సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట స్టేషన్లు వరుసగా వస్తాయి. ఈ మార్గానికి పడమట మహేంద్రగిరి కొండలూ, తూర్పున సముద్రం దాకా కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఉద్దానమూ ఉన్నాయి. తీరం వెంబడి ఇసుక దిబ్బలకూ లోపలి మెట్ట నేలకూ నడుమ కొన్నిచోట్ల నేల పల్లంగా ఉండి, వానాకాలంలో ఎగువ నుంచి దిగివచ్చే నీటిని పట్టి నిలుపుకొంటుంది. ఇటువంటి పల్లాన్ని సోంపేట ప్రాంతంలో బీల అనీ, టెక్కలి, నౌపడ వైపు తంపర అనీ పిలుస్తారు. వానలకు నిండి, శీతకాలంలో క్రమంగా నీరు తీసి, వేసవికి ఎండే ఈ నేలల్లో జమ్ము, తుంగ, రకరకాల గడ్డి ఆ క్రమాన్ని అనుసరించి మొలిచి, పెరిగి, ఎండి, మళ్లీ మొలుస్తుంటాయి. పశువుల మేత, చేపల వేట, చుట్టుపక్కల పొలాలకు అందే తడి అన్నీ ఈ క్రమం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఇటువంటి నేలను ప్రభుత్వ పత్రాల్లో ఏ పేరుతో రాస్తారన్నది చిన్న విషయం కాదని 2010లో తేలింది. సోంపేట బీలలో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం నెలకొల్పే ప్రతిపాదన వచ్చినప్పుడు, అది పనికిరాని భూమి అన్న వర్ణనకూ, దాని మీద బతికే రైతులు, మత్స్యకారులు చెప్పిన మాటకూ పొంతన కుదరలేదు. ఆ సంవత్సరం జూలై 14న పోలీసు కాల్పుల్లో నిరసనకారులు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ, ఆ ప్రదేశం చిత్తడినేల అన్న అంశాన్ని ముఖ్యంగా పరిగణించి, ఆ ప్రాజెక్టుకు అంతకుముందు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర విషయంలోనూ ఇదే తరహా వివాదం కాల్పులకు దారితీసి ప్రాణాలు తీసింది.

ఒక నేల మీద ఏమి పెరుగుతోంది, ఎంత పెరుగుతోంది, ఏ నెలలో పెరుగుతోంది అన్న మూడు ప్రశ్నలకు సంఖ్యల్లో సమాధానం ఉంటే, అటువంటి వివాదంలో ఒకరి మాటకు మరొకరి మాట కాక, ఎవరైనా తిరిగి సరిచూడగల కొలత నిలబడుతుంది. పచ్చికను డిజిటల్ చిత్రాల ద్వారా కొలిచే విద్య ఆ కొలతను ఇవ్వగలదు. అయితే ఆ విద్యను తెలిసి వాడితేనే బీలకు న్యాయం జరుగుతుంది. తెలియక వాడితే పాత పొరపాటే కొత్త పరికరంతో మళ్లీ జరుగుతుంది.

చట్రం నుంచి కెమెరాకు

పచ్చికను లెక్కపెట్టడం అడవిని లెక్కపెట్టడం కంటే కష్టం. చెట్లను ఒక్కొక్కటిగా ఎంచి, మొదలు చుట్టుకొలత తీసి, జాబితా రాయవచ్చు; గడ్డిలో ఒక మొక్క ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో చెప్పడమే సాధ్యం కాదు. అందువల్ల శాస్త్రజ్ఞులు మొక్కల సంఖ్యను పక్కన పెట్టి, నేలను నిట్టనిలువుగా పై నుంచి చూసినప్పుడు అందులో ఎంత భాగాన్ని మొక్కలు కప్పి ఉన్నాయో కొలవడం మొదలుపెట్టారు. దీన్ని కప్పుదల అంటారు. నూటికి ఇంత అని శాతంలో చెబుతారు.

అమెరికాలోని నెబ్రాస్కా పచ్చిక బయళ్లలో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1898లో నేల మీద నిర్ణీత కొలత గల చతురస్రాన్ని గుర్తించి, దాని లోపల ఉన్న మొక్కలనే లెక్కించే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఏ ప్రాంతాన్నైనా చూపుమేరలో అంచనా కట్టినప్పుడు కళ్లు ఎంతగా మోసపోతాయో ఈ చట్రాలు బయటపెట్టాయి. అయినా చట్రం లోపల కప్పుదల ఎంత అన్నది చూసేవారి అంచనాగానే మిగిలింది. ఒకరు నలభై శాతం అన్నచోట మరొకరు అరవై అనడానికి అవకాశం ఉంది. 1933లో న్యూజిలాండ్‌కు చెందిన లెవీ, మాడెన్ ఈ ఇబ్బందికి ఒక పరిష్కారం చెప్పారు. ఒక చట్రానికి బిగించిన సన్నని ఊచలను నేల మీదికి దించుతూ, ఎన్ని ఊచలు ఆకును తాకాయో, ఎన్ని ఖాళీ నేలను తాకాయో లెక్కిస్తే, మొత్తం ఊచల్లో ఆకును తాకినవాటి వాటాయే కప్పుదల అవుతుంది. ఇందులో అంచనాకు చోటు లేదు. తాకిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఉంది.

డిజిటల్ చిత్రం ఈ ఊచల పద్ధతికి నేరుగా కొనసాగింపు. చిత్రం పిక్సెల్ అనే అతి చిన్న గళ్లతో ఏర్పడుతుంది. ఒక్కో గడి తన మీద పడిన వెలుతురును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలుగా నమోదు చేస్తుంది, ఒక్కో సంఖ్య సాధారణంగా 0 నుంచి 255 వరకు ఉంటుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న చట్రాన్ని ప్రతి అంచునా 3000 పిక్సెల్లు పరుచుకునేలా ఫొటో తీస్తే, ఆ చిత్రంలో 90 లక్షల గళ్లు ఉంటాయి, ఒక్కో గడి నేల మీద మిల్లీమీటరులో మూడో వంతు వెడల్పును చూస్తుంది. అంటే ఒక చదరపు మీటరులో 90 లక్షల ఊచలను దించినట్టే. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఒక గడి ఆకును చూసిందా, నేలను చూసిందా అన్నది మూడు సంఖ్యలను బట్టి ఎలా తేల్చాలి?

రంగును విడదీసే లెక్క

ఆకు పచ్చగా ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ సంఖ్య పెద్దగా ఉన్న గళ్లన్నీ ఆకులని తేల్చేస్తే లెక్క తప్పుతుంది. ఉద్దానం ఇసుక ఎండలో మెరిసేటప్పుడు మూడు సంఖ్యలూ పెద్దవిగానే నమోదవుతాయి. నీడలో ఉన్న ఆకుకు మూడూ చిన్నవిగా వస్తాయి. కాబట్టి చూడవలసింది ఆకుపచ్చ పరిమాణాన్ని కాదు, మూడు రంగుల మొత్తంలో దాని వాటాను. 1995లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన వోబెకీ, ఆయన సహచరులు ప్రతిపాదించిన అధిక హరిత సూచిక ఈ ఆలోచన మీదనే నిలిచింది: ఆకుపచ్చ వాటాను రెట్టింపు చేసి, అందులోంచి ఎరుపు వాటానూ నీలం వాటానూ తీసివేయాలి.

ఒక ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. ఒక తుంగ ఆకు గడిలో ఎరుపు 80, ఆకుపచ్చ 120, నీలం 50 ఉన్నాయనుకుంటే, మొత్తం 250లో వాటి వాటాలు 0.32, 0.48, 0.20 అవుతాయి, సూచిక 0.44 వస్తుంది. పక్కనే ఉన్న ఇసుక గడిలో 200, 180, 150 ఉంటే సూచిక 0.02 దగ్గర ఆగుతుంది. అదే తుంగ ఆకు మీద నీడ పడి మూడు సంఖ్యలూ సగానికి తగ్గి 40, 60, 25 అయినా, వాటాలు మారవు కాబట్టి సూచిక మళ్లీ 0.44 వస్తుంది. ఎండ, నీడల తేడాను చాలావరకు తొలగించి రంగును మాత్రమే మిగల్చడం ఈ లెక్కలోని గొప్పతనం. ఆ తరువాత ఆకుకూ నేలకూ మధ్య సూచికలో హద్దు ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు జపాన్ శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఒట్సు 1979లో ప్రచురించిన పద్ధతి ఉపకరిస్తుంది. చిత్రంలోని గళ్లన్నిటినీ రెండు గుంపులుగా విడదీసినప్పుడు ఆ రెండు గుంపుల సగటుల మధ్య ఎడం అత్యంత స్పష్టంగా కనిపించే విలువను అది యాంత్రికంగా వెతికి పెడుతుంది. మనిషి ఇష్టాయిష్టాలకు తావు లేకపోవడం వల్ల, ఒకే చిత్రం మీద ఎవరు లెక్క చేసినా ఒకే జవాబు వస్తుంది.

అయితే ఈ లెక్కకు ఒక బలహీనత ఉంది, అది బీల విషయంలో చాలా ముఖ్యమైనది. వేసవిలో ఎండిన గడ్డి గడిలో ఎరుపు 190, ఆకుపచ్చ 170, నీలం 110 ఉంటే సూచిక 0.09కు మించదు, అది ఆకు కంటే ఇసుకకే దగ్గర. వేళ్లతో నేలను పట్టి ఉంచి, పశువులకు ఎండుమేతగా పనికివచ్చే గడ్డిని లెక్క ఖాళీ నేలగా చూపిస్తుంది. అందుకే ఎండిన కాలపు చిత్రాలకు రంగు ఒక్కటే చాలదు. పక్కపక్క గళ్ల మధ్య మార్పు ఎలా ఉంది, గీతలు ఏ దిక్కుకు సాగుతున్నాయి అన్న అల్లికను కూడా చూసి, శిక్షణ పొందిన ప్రోగ్రాము చేత ఎండుగడ్డిని వేరుచేయించాలి. 2001లో లియో బ్రైమన్ రూపొందించిన రాండమ్ ఫారెస్ట్ పద్ధతి, తరువాత వచ్చిన కృత్రిమ నాడీజాల పద్ధతులు ఇందుకు ఉపయోగపడుతున్నాయి. వీటన్నిటికీ ముందుగా మనుషులు కొన్ని వందల గళ్లను చూసి ఇది పచ్చిగడ్డి, ఇది ఎండుగడ్డి, ఇది బురద అని గుర్తించి చూపవలసి ఉంటుంది.

కప్పుదల తెలిసినంత మాత్రాన మేత ఎంతో తెలిసిపోదు. చీలమండల ఎత్తు గరికా, నడుమెత్తు జమ్మూ నేలను ఒకే మేరకు కప్పవచ్చు, కాని వాటి బరువుల్లో ఎంతో తేడా ఉంటుంది. ఒకే చోటును వేర్వేరు కోణాల నుంచి తీసిన చిత్రాలను కలిపి ఎత్తును లెక్కగట్టే పద్ధతి ఈ లోటును కొంత తీరుస్తుంది. అయినా కొన్ని చట్రాల్లోని గడ్డిని నిజంగా కోసి, ఆరబెట్టి, తూచి, ఆ బరువులతో చిత్రాల లెక్కను సరిపోల్చకుండా ఏ పద్ధతీ నమ్మదగింది కాదు.

కంటికి అందని వెలుగు

ఆకు ఎర్రటి వెలుగును పీల్చుకుని కిరణజన్య సంయోగక్రియకు వాడుకుంటుంది. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం తన లోపలి కణాల అమరిక వల్ల చాలావరకు తిప్పి పంపుతుంది. ఆరోగ్యం చెడిన ఆకులో ఈ రెండూ మారతాయి, అదీ చాలాసార్లు కంటికి తేడా తెలియకముందే. భారతదేశంలో ఈ గుణాన్ని మొదటిసారి వాడింది ఉద్దానానికి బాగా పరిచయమున్న పంట మీదనే. 1970 ప్రాంతంలో పి.ఆర్. పిషరోటి నాయకత్వాన కేరళ కొబ్బరి తోటలను ఆకాశం నుంచి పరారుణ ఫిల్ము మీద చిత్రించి, వేరు విల్టు తెగులు సోకిన చెట్లను గుర్తించే ప్రయత్నం చేశారు. దేశంలో దూరసంవేదన శాస్త్రానికి అది ఆరంభమైంది. దూరసంవేదన అంటే వస్తువును తాకకుండా, దాని నుంచి వచ్చే వెలుగును దూరం నుంచి నమోదు చేసి దాని స్థితిని తెలుసుకోవడం.

ఇక పచ్చిక విషయానికి వస్తే, నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న హరిత సూచిక పచ్చిక బయళ్ల అధ్యయనంలోనే పుట్టింది. 1972 జూలై 23న అమెరికా ప్రయోగించిన తొలి లాండ్‌శాట్ ఉపగ్రహం పంపిన చిత్రాలతో, టెక్సాస్‌కు చెందిన రౌజ్, ఆయన సహచరులు గ్రేట్ ప్లెయిన్స్ మైదానాల గడ్డి ఎప్పుడు పచ్చబడుతోందో, ఎప్పుడు ఎండుతోందో పరిశీలిస్తూ, సమీప పరారుణం నుంచి ఎరుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించే సూచికను రూపొందించారు. దాన్నే ఎన్‌డీవీఐ అంటారు. నూటికి 45 పాళ్ల పరారుణాన్నీ 5 పాళ్ల ఎరుపునూ తిప్పి పంపే దట్టమైన తుంగకు ఇది 0.80 వస్తుంది, 30 పాళ్లు, 25 పాళ్లు తిప్పి పంపే పొడి ఇసుకకు 0.09 వస్తుంది, 2 పాళ్లు, 4 పాళ్లు తిప్పి పంపే నీటికి సున్నా కంటే కిందికి, అంటే రుణసంఖ్యకు పోతుంది.

ఇక్కడ బీలను చదివేవారు తప్పక తెలుసుకోవలసిన మెలిక ఒకటి ఉంది. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో అతి స్పష్టమైన గడి కూడా నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉంటుంది; మీటరు చట్రాలు నూరు అందులో ఇముడుతాయి. భారతీయ రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు. ఇంత పెద్ద గడిలో గడ్డీ నీరూ ఇసుకా కలిసే ఉంటాయి, ఉపగ్రహానికి అందేది వాటన్నిటి సగటు వెలుగే. పై సంఖ్యలతోనే లెక్క చేస్తే, గడిలో సగం తుంగ, సగం పొడి ఇసుక ఉన్నప్పుడు సూచిక 0.43 వస్తుంది, అదే సగం తుంగకు తోడు మిగిలిన సగం నీరైతే 0.68 వస్తుంది. రెండు చోట్లా కప్పుదల యాభై శాతమే. నీరు రెండు వెలుగులనూ దాదాపు మింగేయడం వల్ల, ఉన్న కొద్దిపాటి గడ్డి వెలుగే గడినంతా ఆక్రమించి, ఎక్కువ గడ్డి ఉన్నట్టు చూపిస్తుంది. నీరు తీసిన తరువాత అదే గడ్డి అంతే ఉన్నా సూచిక తగ్గుతుంది, అప్పుడు గడ్డి నశించిందని పొరపాటు పడే ప్రమాదం ఉంది. నేల ప్రభావాన్ని తగ్గించడానికి 1988లో హ్యూటే సవరించిన సూచికను సూచించారు. అయినా బీల వంటి చోట నీటి హద్దును విడిగా గుర్తించి, ఆ తరువాతే పచ్చదనాన్ని లెక్కించడం క్షేమం.

ఒక రోజు సాక్ష్యం, ఏడాది సాక్ష్యం

ఒక చిత్రం ఒక రోజు గురించి మాత్రమే చెబుతుంది. బీలను అక్టోబరులో చిత్రిస్తే చెరువులా, జనవరిలో చిత్రిస్తే పచ్చిక బయలులా, మే నెలలో చిత్రిస్తే బీడులా కనిపిస్తుంది. మూడు చిత్రాలూ నిజమైనవే, ఏ ఒక్కటీ బీల కాదు. హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం, కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖతో కలిసి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రూపొందించే బంజరు భూముల అట్లాస్‌లో నీరు నిలిచే బురద నేలలు, క్షీణించిన మేత భూములు, తీరపు ఇసుక నేలలు కూడా బంజరు తరగతుల్లోనే చేరతాయి. ఆ వర్గీకరణ సాగును దృష్టిలో పెట్టుకుని చేసింది. సాగు లేని చోట జీవం ఎంత ఉందన్నది దాని ప్రశ్న కాదు. కాని ఆ పటం నుంచి బంజరు అన్న మాట ఒక్కటే ఊడి వచ్చి దస్త్రాల్లో స్థిరపడినప్పుడు, ఏడాదిలో ఎన్నో నెలలు పశువులనూ పక్షులనూ మనుషులనూ పోషించే నేల కాగితం మీద ఖాళీ అయిపోతుంది. దేశంలోని పొడి ప్రాంతాల సహజ బయళ్లను ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన పర్యావరణ శాస్త్రజ్ఞులు ఎం.డి. మధుసూదన్, అబి తామిమ్ వనక్ కూడా ఆ బయళ్లలో పెద్ద భాగం బంజరు జాబితాలోనే ఉందని చూపారు.

దీనికి మందు ఏడాది పొడవునా చిత్రాలను వరుసగా పేర్చడం. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఒకే చోటును అయిదు రోజులకు ఒకసారి చూడగలవు. బీలలోని ప్రతి గడికీ ఆ సంవత్సరమంతా వచ్చిన సూచికలను తేదీల వరుసలో గీస్తే, వానాకాలంలో సున్నా కిందికి దిగి, శీతకాలంలో పైకి లేచి, వేసవిలో తగ్గే వక్రరేఖ వస్తుంది. జీడితోట రేఖ ఏడాది పొడవునా దాదాపు ఎత్తులోనే ఉంటుంది. వరి చేను రేఖ నాటు నుంచి కోత వరకు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడిపోతుంది. ఇసుక దిబ్బ రేఖ పెద్దగా కదలదు. బీల రేఖ వీటిలో దేనినీ పోలదు. ఏ ఒక్క రోజు చిత్రంలోనూ దొరకని గుర్తింపు ఆ రేఖలో దొరుకుతుంది.

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ తీరం మీద మబ్బులు కమ్ముకుని ఉండడం వల్ల, నీరు నిండే కాలంలోనే మామూలు ఉపగ్రహ చిత్రాలు దొరకడం కష్టమవుతుంది. మబ్బును దాటి చూసే రాడార్ ఉపగ్రహాలు ఈ ఖాళీని పూరిస్తాయి. 2012 ఏప్రిల్‌లో ఇస్రో ప్రయోగించిన రీశాట్-1, 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 ఈ కోవకు చెందినవే. కదలని నీరు రాడార్ తరంగాలను మరో వైపుకు మళ్లించేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. నీటిలోంచి పైకి లేచిన జమ్ము వాటిని తిప్పి పంపి ప్రకాశిస్తుంది.

పచ్చదనం పెరిగిందన్న ఒక్క సంఖ్యతో సంతోషించడమూ సరికాదని తుఫాను అనంతర చిత్రాలను చదివేవారు గుర్తుంచుకోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగపు గాలులతో పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చివేసింది. ఇటువంటి విపత్తు తరువాత సూచిక ముందు పడిపోతుంది. ఆపై కూలిన చెట్ల చోట ఎండ నేలకు తగిలి, గడ్డీ కలుపూ దట్టంగా లేచినప్పుడు మళ్లీ పాత విలువకు చేరవచ్చు. రైతు కోల్పోయిన కొబ్బరి చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, సూచిక మాత్రం ఒకటి రెండు వానలకే కోలుకున్నట్టు చూపుతుంది. ఏ పచ్చదనమో తెలియకుండా పచ్చదనాన్ని కొలిస్తే, పరిహారమూ పునరావాసమూ తప్పు లెక్క మీద నిలబడతాయి.

పేర్లు తెలిసినవారి అవసరం

పై నుంచి తీసిన చిత్రంలో గడ్డికీ తుంగకూ తేడా పట్టడం కష్టం. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూస్తే మూడు అంచులు తగులుతాయి, గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది. దిబ్బల మీద ఇసుకను కట్టిపడేసే రావణాసురుని మీసాల గడ్డిని దాని ముళ్లగుత్తులను బట్టి సులువుగా పోల్చవచ్చు కాని, నీటి అంచున కలిసి మొలిచే నాలుగైదు రకాలను వేరుచేయగలిగేది రోజూ పశువులను తోలుకెళ్లేవారే. ఏది పాడిపశువు ఇష్టంగా తింటుంది, ఏది కరువులో తప్ప ముట్టదు, ఏది ఏ నెలలో ముదురుతుంది అన్న జ్ఞానం వారి దగ్గర ఉంది. ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చే గుర్తులు వారి నోటి నుంచి రావాలి, వచ్చిన ఫలితాన్ని సరిచూడవలసిందీ వారే.

సరిచూడడానికి కూడా పద్ధతి ఉంది. శిక్షణకు వాడని వేరే చోట్లను యాదృచ్ఛికంగా ఎన్నుకుని, అక్కడ నేల మీద నిజంగా ఉన్నదానినీ పటం చెప్పినదానినీ అడ్డు వరుసల్లో, నిలువు వరుసల్లో రాసి పట్టిక కట్టాలి. నూటికి తొంభై సరిపోయిందన్న మొత్తం మార్కు చాలదు. ప్రాంతంలో ఎక్కువ భాగం తోటలే అయితే, పచ్చికను పూర్తిగా తప్పుగా గుర్తించిన పటానికి కూడా ఆ మార్కు వస్తుంది. పచ్చిక వరుసలో ఎన్ని తప్పాయో విడిగా చూసినప్పుడే పటం విలువ తెలుస్తుంది.

ఉపగ్రహానికీ చట్రానికీ నడుమ అంతరాన్ని డ్రోన్ పూరించగలదు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం ఆకుపచ్చ మండలంలో 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. ఆ ఎత్తు నుంచి కూడా చిత్రపు గడి కొన్ని సెంటీమీటర్లే ఉంటుంది. కాని టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూళ్లు కట్టే పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ నౌపడ తంపరల్లోనే మేత వెతుక్కుంటాయి; వాటి విడిది కాలంలో ఆ నేలల మీద డ్రోన్ తిప్పితే, ఏ జీవం కోసం కొలుస్తున్నారో దానినే బెదరగొట్టినట్టవుతుంది. ఆ నెలల్లో నేల మీది చట్రాలే తగిన సాధనం.

లెక్క ఎవరి చేతిలో ఉండాలి

ఈ విద్యకు కావలసిన పరికరాలు ఖరీదైనవి కావు. లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, సెంటినెల్ చిత్రాలూ ఉచితమే. ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ వేదిక మీద దేశీయ ఉపగ్రహాల పటాలు ఉన్నాయి. చిత్రాలను విశ్లేషించే ఇమేజ్‌జే, పటాలను గీసే క్యూజీఐఎస్ వంటి ప్రోగ్రాములకు రుసుము లేదు. ఫోనుతో తీసిన ఫొటోలో పచ్చని కప్పుదలను లెక్కించే కానోపియో అనే యాప్‌ను అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం రూపొందించింది. పలాస, సోంపేట, టెక్కలి కళాశాలల్లో వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు బీల అంచున కొన్ని స్థిరమైన చోట్లను గుర్తించి, ప్రతి పక్షంలోనూ ఒకే ఎత్తు నుంచి, ఒకే వేళలో, తెల్ల కాగితపు ముక్కను చట్రంలో ఉంచి, తమ నీడ పడకుండా ఫొటోలు తీసి, తేదీతో, నీటి లోతుతో, పశువుల కాపరి చెప్పిన గడ్డి పేరుతో భద్రపరిస్తే, ఒక్క సంవత్సరంలోనే ఉపగ్రహ లెక్కను సరిచూడగల నమోదు తయారవుతుంది. తెల్ల కాగితం ఎందుకంటే, అది అన్ని చిత్రాల్లోనూ ఒకే తెలుపుగా రావాలి. రాకపోతే ఆనాటి వెలుతురు ఎంత తేడా తెచ్చిందో తెలుసుకుని సవరించవచ్చు.

అటువంటి నమోదు ఉన్న నేల గురించి నిర్ణయం తీసుకునేవారు దాన్ని పక్కన పెట్టడం కష్టమవుతుంది. భూమి దస్త్రంలో ఒక తరగతి పేరుకు బదులు, ఏ నెలలో ఎంత నీరు, ఏ నెలలో ఎంత గడ్డి, ఎన్ని పశువులకు ఎన్నాళ్ల మేత అన్న పన్నెండు నెలల పట్టిక ఉంటే, బీలను పూడ్చాలా ఉంచాలా అన్న చర్చ ఆ పట్టికను ముందు పెట్టుకుని మొదలవుతుంది. సోంపేటలో, కాకరాపల్లిలో మనుషులు ప్రాణాలు ఒడ్డి చెప్పవలసి వచ్చిన విషయాన్ని కొలతలతో ముందుగానే చెప్పగలిగే సాధనం నేడు చేతిలో ఉంది. ప్రతి బీలకూ, ప్రతి తంపరకూ అటువంటి పట్టిక సిద్ధం చేయడం ఈ తీరంలో విజ్ఞానశాస్త్రం చదువుకున్నవారందరి బాధ్యత; ఏ ప్రాజెక్టు ప్రతిపాదన వచ్చినా దాన్ని పరిశీలించే ముందు ఆ పట్టికను అడగడం ప్రభుత్వ బాధ్యత.